మాండలిన్ వయసు తెలియాలంటే బ్రిడ్జి ఎత్తి చూడండి

పోయిన ఎండాకాలం కర్నూలు పాతబస్తీ నుంచి ఒక పిల్లోడు గోనెసంచిలో చుట్టి మాండలిన్ తెచ్చాడు. వాళ్ల జేజినాయన చర్చిలో వాయించేవాడట. 2009 అక్టోబరు వరదకు ఇల్లు మునిగినప్పుడు ఇదీ మునిగింది. వెనక చెక్క ఒక పక్క ఊడిపోయి ఉంది. లోపల తుంగభద్ర ఒండ్రు ఇంకా అంటుకునే ఉంది. తల మీద ముత్యపుచిప్పతో 'ది గిబ్సన్' అని పొదిగారు. తీగల పక్కనుండే రక్షక పలకను పట్టే క్లాంపు మీద సన్నటి అచ్చు చూపించి, "అన్నా, 1911 అని ఉంది. అప్పటిదేనా?" అన్నాడు.

కాదప్పా, అది పేటెంటు తేదీ అన్నాను. 'జులై 4, 1911' అని కొట్టిన ఆ క్లాంపును ఏళ్ల తరబడి వేశారు. పేటెంటు తేదీ మనకు చెప్పేది ఒక్కటే: ఆ ముక్క అంతకు ముందుది కాదు. మద్రాసు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించిన నా మొదటి గిబ్సన్‌ను ఇట్లాంటి అచ్చు నమ్మే ఎక్కువ పెట్టి కొన్నాను. అమ్మినాయన అబద్ధం కూడా చెప్పలేదు, ఉన్న అంకెలు చదివి వినిపించాడు, అంతే.

గిబ్సన్ కంపెనీ 1902లో అమెరికాలోని కలమజూ ఊళ్లో పుట్టింది. ఫ్యాక్టరీ అంటాం గానీ అందులో చేతిపని చాలా ఉండేది. కొత్త రకం సామాను వచ్చినంత మాత్రాన స్టోరులో ఉన్న పాతది పారేయరు కదా. మన టైలర్లు డబ్బాలో ఉన్న గుండీలు అయిపోయేదాకా కుట్టినట్టే వాళ్లూ వాడారు. అందుకని ఒకే మాండలిన్‌లో రెండు కాలాల గుర్తులు కనబడితే వెంటనే దొంగసరుకు అనకండి. ఫలానా సంవత్సరం అని తేల్చే పని కూడా ముందే పెట్టుకోకండి. 'దీనికి ముందుది కాదు' అని ఒక గూటం, 'దీని తర్వాతది కాదు' అని ఇంకో గూటం పాతండి. ఆ రెంటి మధ్య ఎంత జాగా మిగిలితే అంత.

ఊడదీయడానికి రాని వాటితో మొదలుపెట్టాలి. తీగలు తల నుంచి మెడ మీదికి దిగే చోట గంట ఆకారంలో చిన్న మూత ఉందేమో చూడండి. దాని కింద మెడ వంగకుండా సర్దే ట్రస్ రాడ్ ఉంటుంది. గిబ్సన్ మాండలిన్లకు అది 1922 ప్రాంతంలో వచ్చింది. మూత లేకపోతే అంతకు ముందుదని ఎక్కువసార్లు చెప్పొచ్చు. ఎప్పుడూ అని మాత్రం అనను, ఎందుకంటే రెండో ప్రపంచయుద్ధంలో లోహం కొరతొచ్చి కొన్ని గిబ్సన్ వాయిద్యాలు రాడ్ లేకుండానే బయటికొచ్చాయి. తల పైకి పోయేకొద్దీ సన్నబడి పాముతలలా ఉంటే 1920ల మధ్యకాలం. పిల్లోడిది రాడ్ లేదు, తల పైన వెడల్పే.

తర్వాత నంబర్లు. ఇవి రెండు, చాలామంది కలిపేస్తారు. లోపలి కాగితం లేబుల్ మీదుండేది సీరియల్ నంబరు. మెడ చెక్క లోపలి దిమ్మె మీద కొట్టేది ఫ్యాక్టరీ ఆర్డరు నంబరు. రంధ్రంలోంచి చిన్న అద్దం, టార్చి పెట్టి వెతకాలి. ఆర్డరు నంబరు పని సాగుతున్నప్పటిది, లేబుల్ పని ముగిశాక అంటించేది. డొక్క తయారై మూల పడి ఉంటే రెండింటి మధ్యా కాలం గడిచిపోతుంది. గిబ్సన్ మాండలిన్లలో ఎఫ్-5 అనే రకాన్నే తీసుకోండి. గిబ్సన్‌లో పనిచేసిన లాయిడ్ లోర్ సంతకం పెట్టి, తేదీ వేసిన లేబుళ్లు 1924తో ఆగాయి. ఆయన కంపెనీ వదిలిపోయాక, అప్పటికే చేసి పెట్టిన సామానుతో ఇంకొన్ని బిగించి అమ్మారు. సీరియల్ నంబర్లను పోల్చుకోవడానికి అమెరికా మాండలిన్ విద్వాంసుడు బిల్ మన్రో వాయించిన ఎఫ్-5 గుర్తుపెట్టుకోండి: నంబరు 73987, లేబుల్ తేదీ 1923 జులై 9. మన పిల్లోడి లేబుల్‌ను వరద గంజి చేసేసింది. దిమ్మె మీద రెండు అంకెలే కనబడ్డాయి, వాటితో ఏం తేలదు.

ఇక ఊడొచ్చే సామాను. దీన్ని చివరికి పెట్టుకోవాలి. తీగలు బిగించే మరలు, తీగల కింది కొసలు పట్టే టెయిల్‌పీస్, పలక అన్నీ ఒకదాని నుంచి ఇంకోదానికి మారతాయి. స్క్రూలు చూడండి: స్టార్ స్క్రూ 1930ల నడుమ గానీ మార్కెట్‌కు రాలేదు, కాబట్టి 1920ల వాయిద్యంలో అది ఉంటే ఎవరో విప్పి బిగించినట్టే. పలకను బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసనొస్తే సెల్యులాయిడ్, పాతదే. జాయింట్లో తెల్లగా రబ్బరులా సాగితే ఫెవికాల్, మనవాళ్లెవరో అతికారు. పాత వజ్రం బంకయితే గాజులా పెళుసుగా పగులుతుంది, నీళ్లు తగిలితే వదులుతుంది. వరదకు చెక్కలు చీలకుండా అతుకు దగ్గర మాత్రమే ఊడడం అందుకే.

బ్రిడ్జి అంటే డొక్క మీద తీగలను ఎత్తి పట్టే చెక్కముక్క. దాని దగ్గర తొందర పడొద్దు. దాన్ని అతికించరు, తీగల బరువే పట్టి ఉంచుతుంది. ముందు అది ఉన్న చోటుకు చుట్టూ కాగితం టేపు వేసుకుని, తీగలన్నీ వదులు చేసి ఎత్తండి. పిల్లోడి బ్రిడ్జికి ఎత్తు సర్దే చక్రాలు రెండు ఉన్నాయి, అడుగున 1921 జనవరి పేటెంటు అచ్చు ఉంది. రాడ్ లేదు కాబట్టి 1922 లోపు, బ్రిడ్జిని బట్టి 1921 తర్వాత. ఎంత చక్కగా కుదిరిందో! వాడప్పుడే ఫోన్ తీశాడు వాళ్ల నాయనకు చెప్పడానికి.

ఆగమన్నాను. బల్బు ఆర్పి, టార్చిని చెక్కకు దాదాపు ఆనించి పక్కవాటుగా వేశాను. బ్రిడ్జి కూర్చున్న చోట ఒండ్రు గీత దాని అంచు చుట్టూ తిరిగి ఉంది. అంటే వరద నాటికి ఈ బ్రిడ్జి ఇక్కడే ఉంది. కానీ తోక వైపు, రెండు మిల్లీమీటర్ల అవతల ఇంకో అచ్చు ఉంది, వార్నిష్ నొక్కుకుపోయి, లోతుగా. పొడవు ఈ బ్రిడ్జి కన్నా ఎక్కువ. ఏళ్ల తరబడి వేరే బ్రిడ్జి కూర్చున్న చోటు అది. కాబట్టి ఈ 1921 బ్రిడ్జి తర్వాత పెట్టిందే, దాని సాక్ష్యం కొట్టేశాను.

మిగిలింది రంగు. 1910లలో గిబ్సన్ ఎక్కువగా వేసింది గుమ్మడిపండు రంగు, ఆ దశాబ్దం చివర్లో ముదురు గోధుమ రంగు వచ్చింది. ఇది గోధుమే. మళ్లీ పూసిన రంగేమోనని దొంగనోట్లు పట్టే లైటు వేసి చూశాను. పైనంతా ఒకే తీరుగా మెరిసింది, అతుకులు లేవు, అంటే రంగు మొదటిదే అనుకోవచ్చు. పలక పట్టే పిన్ను రంధ్రాలు కూడా ఒక్క జతే.

ఇంత చేసేసరికి పక్క షాపాయన వచ్చి "మన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది ఇట్లాంటిదేనా?" అన్నాడు. పాలకొల్లు శ్రీనివాస్‌ది కరెంటు మాండలిన్, అయిదు తీగలది, లోపల అద్దం పెట్టి చూసే పనే లేదు.

చీటీ మీద పెన్సిల్‌తో రాసి సంచిలో పెట్టాను: 'సుమారు 1918 నుంచి 1922 లోపు. బ్రిడ్జి తర్వాతది. లేబుల్ లేదు. దిమ్మె మీద రెండంకెలు.' పిల్లోడు చదువుకుని, "ఒక్క సంవత్సరం రాయొచ్చు కదన్నా" అన్నాడు. వెనక చెక్క అతికి, సన్న తీగలు వేసి ఇచ్చాను, పాత బ్రిడ్జి ఇంట్లో ఎక్కడైనా ఉందేమో అటక మీద వెతకమన్నాను.