పెరట్లో బొగ్గుల మీద స్కిలెట్ బ్రేక్‌ఫాస్ట్: మంట తగ్గాకే మొదలుపెట్టండి

శనివారం పొద్దున మా ఇంట్లో ఇడ్లీ ఉండదు. డాలస్‌లో అక్టోబర్ వచ్చి ఎండ కాస్త తగ్గిందంటే చాలు, పెరట్లో గ్రిల్ వెలిగించి ఒకే ఒక్క పెద్ద ఇనప పెనంలో బంగాళాదుంపలు, సాసేజ్ (మసాలా కలిపిన మాంసం ఖీమా), ఉల్లిపాయ, కాప్సికం, వాటి మీద గుడ్లు, ఆ పైన చీజ్. ఇక్కడి డైనర్లలో స్కిలెట్ బ్రేక్‌ఫాస్ట్ అని ఇచ్చేది ఇదే. ఇంట్లో స్టవ్ మీద అవదా అంటే అవుతుంది, కానీ ఆ పొగ రుచి రాదు, పైగా సాసేజ్ వేపిన వాసన రెండ్రోజులు ఇల్లంతా పట్టుకుని ఉంటుంది. మా ఆవిడ లెక్కలో ఈ రెండోదే అసలు కారణం.

మొదటిసారి చేసినప్పుడు మాత్రం పరువు పోయింది. బావమరిది వాళ్ళని కూడా పిలిచేసి, బొగ్గుల మీద మంట ఇంకా లేస్తుండగానే పెనం పెట్టేశా, పచ్చి దుంప ముక్కలు పోసేశా, పైన మాడిపోయి లోపల కరకరలాడుతూ పచ్చిగానే ఉన్నాయి, గుడ్లేమో రబ్బరు. పదిన్నరకి అందరూ ఉప్మా తిన్నారు. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది, "మంట మీద ఎవడన్నా పెడతాడ్రా, నిప్పులకి బూడిద పట్టేదాకా ఆగాలి, కుంపటి ఎప్పుడూ చూళ్ళేదా" అంది. నేనప్పటికి యూట్యూబ్‌లో ఓ పది వీడియోలు చూసి ఉన్నా, అందులో ఏ ఒక్కటీ ఈ ముక్క ఇంత సూటిగా చెప్పలేదు.

ముందు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది, దుంపలు. నలుగురికి ముప్పావు కేజీ చాలు. యూకాన్ గోల్డ్ అని పసుపు రంగువి దొరుకుతాయి, అవి తీసుకోండి, రస్సెట్ అయితే పిండి ఎక్కువ కాబట్టి తొందరగా చితికిపోతుంది. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, చల్లటి నీళ్ళలోనే వేసి ఉప్పు, ఒక స్పూన్ వెనిగర్ వేసి పొయ్యి మీద పెట్టండి, తెర్లడం మొదలయ్యాక ఆరేడు నిమిషాలు. కత్తి గుచ్చితే దిగాలి, ముక్క మాత్రం విరక్కూడదు. వెనిగర్ వేస్తే ముక్క ఆకారం చెదరదు, రుచి కూడా తెలీదు, భయపడకండి. నీళ్ళు వంపేసి పళ్ళెంలో పరిచి ఆవిరంతా పోయాక ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూత పెట్టకుండా. రాత్రంతా పైన తడి ఆరిపోతుంది కాబట్టి పొద్దున పెనం మీద పడగానే వేగడం మొదలవుతుంది, లేకపోతే ఆ తడికి ఉడుకుతూ కూర్చుంటుంది.

పెనం సంగతి. 12 అంగుళాల పోత ఇనుము స్కిలెట్ కావాలి. నాది లాడ్జ్ వాళ్ళది, 1896 నుంచీ టెనెసీలో ఇవే పోస్తున్నారట, రేటు కూడా ఎక్కువేం కాదు. నాన్‌స్టిక్ మాత్రం గ్రిల్ మీద పెట్టొద్దు, 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది, బొగ్గులు నిండుగా ఉన్నప్పుడు ఆ వేడి దాటడం పెద్ద విషయమేం కాదు, పైగా ప్లాస్టిక్ పిడి కరిగిపోతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఇనప దోసె పెనం ఉంటే? పనికొస్తుంది, కానీ అంచు లేదు కాబట్టి దుంపలు గ్రిల్ కింద బొగ్గుల్లోకి దూకుతాయి. లోతున్న ఇనప మూకుడు నయం.

ఇంక నిప్పు. చిమ్నీ స్టార్టర్ అని రేకు గొట్టం అమ్ముతారు, అడుగున రెండు న్యూస్‌పేపర్ కాగితాలు నలిపి పెట్టి, పైన బొగ్గు నింపి కాగితం వెలిగించడమే, 15 నుంచి 20 నిమిషాల్లో పైన బొగ్గులక్కూడా తెల్లగా బూడిద పడుతుంది. లైటర్ ఫ్లూయిడ్ (బొగ్గు అంటించడానికి పోసే ద్రవం) వాడకండి, అది ముందే పట్టించి అమ్మే బొగ్గు కూడా వద్దు, గుడ్డులోంచి పెట్రోల్ బంకు వాసన వస్తుంది. అన్నట్టు ఈ దిండు ఆకారం బొగ్గు బిళ్ళలు ఇక్కడ జనానికి అలవాటైంది హెన్రీ ఫోర్డ్ వల్ల, 1920ల్లో కార్ల ఫ్యాక్టరీలో మిగిలిన చెక్క ముక్కలు పారేయడం ఇష్టంలేక బొగ్గు చేసి అమ్మించాడు.

కాలిన బొగ్గుల్ని గ్రిల్‌లో ఒక పక్కకే పోయండి, సగం నిప్పు, సగం ఖాళీ. ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి, మిగతావి తప్పినా సర్దుకోవచ్చు. స్టవ్‌కి నాబ్ ఉంటుంది, బొగ్గులకి ఉండదు కదా, కాబట్టి వేడి తగ్గించాలంటే పెనాన్నే పక్కకి జరపాలి. అడ్డంగా కమ్మీలు పెట్టి, మూత వేసి, కిందా పైనా గాలి రంధ్రాలు పూర్తిగా తెరిచి ఐదు నిమిషాలు వదిలేయండి. కమ్మీలకి ఓ ఐదు అంగుళాల ఎత్తులో అరచెయ్యి పెట్టి చూస్తే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే మీడియం వేడి, మనక్కావాల్సింది అదే. రెండు సెకన్లకే చెయ్యి లాగేసుకున్నారంటే ఇంకాసేపు ఆగండి. గ్యాస్ గ్రిల్ వాళ్ళకి ఈ తిప్పలేం లేవు, ఒక బర్నర్ మీడియంలో, పక్కది ఆఫ్‌లో పెట్టి మూతేసి పది నిమిషాలు కాగనివ్వడమే, పొగ రుచి మాత్రం కొంచెం తక్కువే.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఒక మాట, బాల్కనీలో బొగ్గు గ్రిల్ చాలా చోట్ల నిషేధం, లీజు చూసుకోండి. వాన పడుతోందని గ్యారేజ్‌లోకి మాత్రం లాగొద్దు, తలుపు తీసి ఉంచినా సరే, బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకి వాసనుండదు. టెక్సాస్‌లో ఎండలకి గడ్డి ఎండిపోయినప్పుడు కౌంటీ వాళ్ళు బర్న్ బ్యాన్, అంటే బయట మంట పెట్టకూడదని నిషేధం, పెడుతుంటారు, క్యాంపింగ్‌కి వెళ్ళేముందు అదొకటి కనుక్కోండి.

ఇక వంట. ఖాళీ పెనాన్ని ముందు నిప్పు లేని వైపు రెండు నిమిషాలు, తర్వాత నిప్పు వైపు మూడు నిమిషాలు పెట్టండి, పోత ఇనుము నిదానంగా కాగుతుంది, హడావిడి పడితే మధ్యలో మాడుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగరాలి. ముందు సాసేజ్, ఒక పావు కేజీ పైన, విడగొట్టి వేయండి, కొవ్వు కరిగి పెనమంతా పాకుతుంది. పోర్క్ తినని వాళ్ళు చికెన్ సాసేజ్ వేసుకోండి, దాంట్లో కొవ్వు తక్కువ కాబట్టి రెండు స్పూన్ల నూనె ముందే పోయాలి. పోర్క్ ఖీమా అయితే లోపల 71 డిగ్రీలు, చికెన్ అయితే 74 రావాలి, ఇరవై డాలర్లలోపు థర్మామీటర్ దొరుకుతుంది, కొనేయండి. గుడ్లు మాత్రమే తినే ఇళ్ళల్లో పుట్టగొడుగులు బాగుంటాయి. పనీర్ కూడా వేసి చూశాం, మాకంత నచ్చలేదు.

వేగిన సాసేజ్ పక్కకి తీసి, ఆ కొవ్వులోనే దుంపలు ఒకే వరసగా పరవండి. పరిచాక కదపొద్దు! ఇక్కడే అందరం తప్పు చేస్తాం, చేతిలో గరిటె ఉందంటే తిప్పాలనిపిస్తుంది. నాలుగైదు నిమిషాలు అస్సలు ముట్టుకోకుండా వదిలేస్తే అడుగున ఎర్రగా పెచ్చు కడుతుంది, అప్పుడు రేకు గరిటెతో ఒకసారి తిరగేయండి, మళ్ళీ నాలుగు నిమిషాలు. ముక్క పెనానికి అంటుకుందంటే ఇంకా వేగలేదని అర్థం, పెచ్చు కట్టాక దానంతటదే వదులుతుంది. తర్వాత ఉల్లిపాయ, కాప్సికం, రెండు హలపీనోలు లేదా మన పచ్చిమిర్చి, ఉప్పు, మిరియాలు, అర స్పూన్ కారం. కారం ముందే వేస్తే మాడి దగ్గొస్తుంది. టమాటా వెయ్యాలనుకుంటే చివర్లో కొంచెం, ఆ పులుపు ఎక్కువసేపు ఉడికితే పెనం మీద నూనె పూత లేచిపోతుంది.

సాసేజ్ మళ్ళీ కలిపేసి, పెనాన్ని నిప్పు లేని వైపుకి జరిపి, గరిటె వెనకతో ఆరు గుంటలు చేయండి. గుడ్లు నేరుగా పెనంలో కొట్టకుండా చిన్న గిన్నెలో కొట్టి ఒక్కోటీ జారవిడవండి, పెంకు ముక్క పడితే ఆ వేడిలో ఏరుకోలేం. చెడ్డార్ చీజ్ ఒక గుప్పెడు చల్లి గ్రిల్ మూత వేసేయండి. నాలుగు నుంచి ఆరు నిమిషాలు. మధ్యలో మూత తీసి చూడాలనిపిస్తుంది, తీసినప్పుడల్లా వేడి పోతుంది, నాలుగో నిమిషంలో ఒకసారి చాలు. తెల్లసొన గట్టిపడి ఇంకా కొంచెం వణుకుతుండగానే దించేయండి, పెనం వేడికి టేబుల్ మీద కూడా ఉడుకుతూనే ఉంటుంది. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ మాత్రం పచ్చసొన కూడా గట్టిపడేదాకా ఉంచాలి.

దించేటప్పుడు తోలు గ్లవ్ వాడండి, తడిగుడ్డ వద్దు. నేను ఓసారి తడి టవల్‌తో పట్టుకున్నా, ఆవిరై అరచెయ్యి బొబ్బలెక్కింది. టేబుల్ మీద పెట్టాక కూడా పిడి మీద గుడ్డ కప్పి ఉంచండి, ఎవరో ఒకరు కచ్చితంగా పట్టుకుంటారు. పైన కొత్తిమీర, పక్కన టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు). మేమైతే ఆవకాయ కూడా పెట్టుకుంటాం, మా పక్కింటి అమెరికన్ ఆయన ఒకసారి రుచి చూసి ఇప్పుడు ప్రతిసారీ అదెక్కడా అని అడుగుతున్నాడు.

పెనం గోరువెచ్చగా అయ్యాక కడగండి, బాగా కాలుతున్నప్పుడు చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది. రాళ్ళుప్పు వేసి రుద్దితే అడుగంటినదంతా వచ్చేస్తుంది, కొంచెం సబ్బు పెట్టినా ఏం కాదు. తర్వాత మళ్ళీ గ్రిల్ మీద పెట్టి తడి ఆర్చి, దోసె పెనానికి రాసినట్టే సగం కోసిన ఉల్లిపాయతో పల్చగా నూనె రాయండి. బొగ్గులింకా ఎర్రగానే ఉంటాయి కదా, ఊరికే పోనివ్వడం ఎందుకని నేను రెండు పెద్ద వంకాయలకి నూనె రాసి ఆ కమ్మీల మీద పడేసి మూతేస్తా, మధ్యాహ్నం పచ్చడికి. అవి మెత్తబడ్డాక తీసేసి, గాలి రంధ్రాలన్నీ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు వచ్చే శనివారానికి.