కామ్రేడ్స్‌కి వెళ్లాలంటే ముందు హైదరాబాద్‌లో దిగడం ప్రాక్టీస్ చేయండి

కామ్రేడ్స్ మారథాన్ పరిగెత్తాలని ఉందని చెప్పేవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే, "అన్ని కొండలు ఎలా ఎక్కుతారండీ?" అని. ఎక్కడం అంత సమస్య కాదు. ఊపిరి అందకపోతే నడుస్తారు, అంతే, అక్కడ నడవనివాళ్లు చాలా తక్కువ. అసలు దెబ్బ తగిలేది దిగేటప్పుడు. అరవై కిలోమీటర్లు దాటాక, గుండె, ఊపిరి అన్నీ బాగానే ఉండి, తొడలు మాత్రం ఇక ఒక్క అడుగు కూడా దిగనని మొండికేస్తే అప్పుడు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం దిగడం గురించే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య తారు రోడ్డు మీద జరిగే పరుగు ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల గుర్తుగా విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు 1921లో మొదలుపెట్టాడు. ఆ ఏడు 34 మంది బయల్దేరితే 16 మంది పూర్తి చేశారు. ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, ఇంకో ఏడాది పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి సముద్రం వైపు కిందికి, మామూలుగా ఇలా మారుతూ ఉంటుంది (అప్పుడప్పుడు వరసగా రెండేళ్లు ఒకే వైపు కూడా పెడతారు). దూరం 86 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, ఏ ఏడాదికి ఆ ఏడాది కాస్త అటూ ఇటూ. గడువు 12 గంటలు. అది దాటితే పన్నెండు గంటలు చెమటోడ్చినా, ఫినిష్ లైన్ కనిపిస్తున్నా మెడల్ రాదు. గడువు అయిపోగానే ఒక పెద్దాయన పరుగెత్తి వచ్చేవాళ్లకి వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఎవరు ఎంత దగ్గరికి వచ్చారో చూడకూడదని అలా.

అర్హత కోసం ఒక ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు) 4 గంటల 50 నిమిషాల లోపు పూర్తి చేసి ఉండాలి. ఏ తేదీల మధ్య పరిగెత్తినది లెక్కలోకి వస్తుందో ఎంట్రీ కట్టే ముందు వాళ్ల నిబంధనల్లో చూసుకోండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, ఆ ఉక్కపోతలో, ఫ్లైఓవర్లన్నీ ఎక్కిస్తూ దిగిస్తూ సాగుతుంది కాబట్టి అక్కడ మంచి టైమ్ రాకపోతే కంగారు పడక్కర్లేదు, జనవరిలో ముంబై ఉంది. టైమ్ కొంచెం మెరుగ్గా ఉంటే లాభం కూడా ఉంది, ఎందుకంటే క్వాలిఫైయింగ్ టైమ్‌ని బట్టే మిమ్మల్ని ముందు బ్యాచ్‌లోనో వెనక బ్యాచ్‌లోనో నిలబెడతారు. చాలా ఏళ్ల పాటు గడియారం మాత్రం అందరికీ తుపాకీ పేలినప్పుడే మొదలయ్యేది. చివరి బ్యాచ్‌లో ఉంటే స్టార్ట్ లైన్ దాటేసరికే పది నిమిషాల దాకా పోయేవి, ఈసారి పద్ధతి ఏంటో నిబంధనల్లో చూసుకోండి.

ఇక దిగుడు సంగతి. వాలులో కిందికి పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ తొడ ముందు కండరాలు సాగుతూనే బరువుని ఆపాలి. బ్రేక్ వేసిన లారీలాగా అనుకోండి. ఊపిరి మీద భారం ఉండదు కాబట్టి తేలిగ్గానే ఉందనిపిస్తుంది, కానీ కండరాల్లో సన్నటి చీలికలు వస్తూ ఉంటాయి, వాటి నొప్పి బయటపడేది కొన్ని గంటల తర్వాత, లేదా మర్నాడు. మంచి విషయం ఏంటంటే, కండరాలకి ఇది తొందరగా అలవాటవుతుంది. ఒకసారి బాగా దిగి నొప్పి పడ్డాక, ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదే వాలు అంత నొప్పి పెట్టదు. అందుకే రేసుకి ముందు రెండు మూడు నెలలు పది, పదిహేను రోజులకి ఒకసారైనా గట్టిగా దిగే ప్రాక్టీస్ ఉండాలి, ఆఖరిది రేసుకి మూడు వారాల ముందు. ఆ తర్వాత వద్దు, కండరాలు కోలుకోవడానికి టైమ్ కావాలి.

ఎక్కడ చేయాలి అంటే, నెక్లెస్ రోడ్ మర్చిపోండి. చల్లగా, అందంగా, చదునుగా ఉంటుంది, ఈ పనికి మాత్రం పనికిరాదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మొదలుపెట్టి యూసఫ్‌గూడ వైపు దిగండి, మళ్లీ నడుచుకుంటూ ఎక్కండి. లేదా ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 12 నుంచి సందుల్లోకి వెళ్తే ఒక్కోటి ఎంత నిలువుగా ఉంటుందో ఆటోవాళ్లని అడగండి. కేబీఆర్ పార్క్ చుట్టూ ఫుట్‌పాత్ మీద తిరిగితే ఎత్తుపల్లాలు వాటంతటవే వస్తాయి, పక్కనే టీ దొరుకుతుంది, మధ్యలో నీళ్ల బాటిల్ పెట్టుకోవడానికి కారు ఉంటుంది, లాంగ్ రన్‌కి ఇంతకంటే ఏం కావాలి. నెలకోసారి వికారాబాద్ అనంతగిరి వెళ్లి ఘాట్ రోడ్డు పైకీ కిందికీ నాలుగైదు సార్లు కొట్టండి, ఆదివారం తొమ్మిదిన్నర లోపు ముగించండి, ఆ తర్వాత పిక్నిక్ కార్లు మొదలవుతాయి. శ్రీశైలం ఘాట్ జోలికి మాత్రం పోవద్దు, అది అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి గేట్లు కూడా మూసేస్తారు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, ఓఆర్ఆర్ కూడా వద్దు, అక్కడ నడిచేవాళ్లకే అనుమతి లేదు. ట్రెడ్‌మిల్ ఇంక్లైన్ ఎక్కడానికి పనికొస్తుంది, దిగడానికి రాదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్ట్‌లో పైకి వెళ్లి మెట్లు దిగి రండి, పది అంతస్తులు నాలుగుసార్లు, వారానికోసారి చాలు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

దిగే పద్ధతి: చిన్న అడుగులు, వేగంగా. పాదం శరీరం కిందే పడాలి, ముందుకి చాచి మడమతో కొట్టకూడదు, అలా కొట్టిన ప్రతిసారీ మోకాలు, తొడ రెండూ మోస్తాయి. ఒళ్లు వెనక్కి వాల్చకండి, కొంచెం ముందుకే ఉండాలి. చేతులు వదులుగా. రోడ్డు అంచుల్లో పక్కకి వాలు ఉంటుంది, ఖాళీ దొరికితే మధ్యలో నడవండి, లేకపోతే ఎనభై కిలోమీటర్లూ ఒకే కాలు రెండోదానికంటే కిందికి పడుతూ ఉంటుంది.

వారానికి ఎంత దూరం అంటే, 12 గంటల లోపు పూర్తి చేయడమే లక్ష్యమైతే, జనవరి నుంచి మెల్లగా పెంచుకుంటూ మార్చి, ఏప్రిల్ కల్లా వారానికి 65 నుంచి 80 కిలోమీటర్లు చాలు, అంతకంటే ఎక్కువ చేసి గాయాలు తెచ్చుకునేవాళ్లే మన దగ్గర ఎక్కువ. ఒకే పరుగులో ఒకటి రెండు సార్లు 50 దాటాలి, ఒకసారి 56, 60 దాకా. అంతకుమించి వద్దు. మిగతా వారాల్లో శనివారం 25, ఆదివారం 30 లాగా వరసగా రెండు రోజులు. ఫిబ్రవరిలో లోనావాలాలో జరిగే టాటా అల్ట్రాలో 50 కిలోమీటర్లు కుదిరితే కొండ రోడ్డు మీద లాంగ్ రన్ అక్కడే అయిపోతుంది.

రేసు జూన్‌లో, అక్కడ చలికాలం. మనం ప్రాక్టీస్ చేసేది ఏప్రిల్, మే నెలల్లో, 40 డిగ్రీల ఊళ్లో. ఈ ఎండే మీకు లాభం కూడా, అక్కడ మధ్యాహ్నం ఎంత కాసినా మనకి పెద్దగా అనిపించదు. కానీ లాంగ్ రన్ తెల్లవారుజామున మూడున్నరకి మొదలుపెట్టక తప్పదు. వెనక ఎర్ర బ్లింకర్, తలకి లైట్, ఇద్దరు ముగ్గురు తోడు. ఒంటరిగా ఆ టైమ్‌లో కాలనీల్లోకి వెళ్తే కుక్కలు ఊరుకోవు. అవి వెంటపడితే పరిగెత్తకండి, ఆగి నడవండి, ఈ ఒక్క సందర్భంలో మాత్రం స్పీడ్ పనికిరాదు.

ఇప్పుడు లెక్క. 88 కిలోమీటర్లు 12 గంటల్లో అంటే కిలోమీటరుకి 8 నిమిషాల 11 సెకన్లు. 11 గంటల్లో అంటే ఏడున్నర నిమిషాలు. వినడానికి చాలా నిదానంగా ఉంది కదా, మొదటి పది కిలోమీటర్లలో అందరూ మోసపోయేది అక్కడే. నీళ్ల టేబుల్స్, బాత్‌రూమ్, నడక, ఇవన్నీ ఆ సగటులోనే ఉన్నాయి. నడక మొదటి కొండ దగ్గరే మొదలుపెట్టండి, ఒంట్లో ఓపిక ఉండగానే. స్తంభాలు లెక్కపెట్టుకోవడం తేలిక: ఎత్తులో రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక, బాగా నిలువుగా ఉంటే మొత్తం నడకే, కానీ చేతులు ఊపుతూ గట్టి నడక. దాన్ని కూడా ప్రాక్టీస్ చేయాలి. దారి మధ్యలో కూడా కటాఫ్‌లు ఉంటాయి, అవి దాటకపోతే బస్సెక్కించేస్తారు. ఇంకో రకం బస్సు కూడా ఉంది, అది మంచి బస్సు: అనుభవం ఉన్న ఒక రన్నర్ ముందుండి ఒకే లయలో గుంపుని నడిపిస్తాడు, ఆయన్ని డ్రైవర్ అంటారు, పాటలు పాడుకుంటూ వెళ్తారు. మనసు మొద్దుబారిన టైమ్‌లో అలాంటి గుంపు దొరికితే వదలకండి.

దారిలో పేరున్న కొండలు ఐదు: కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, పాలీ షార్ట్స్. పైకి వెళ్లే ఏడాది ఇదే వరస, పాలీ షార్ట్స్ ఆఖరున, ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా వస్తుంది. అక్కడ చాంపియన్లు కూడా నడిచిన ఏళ్లున్నాయి, మీరు నడవడానికి సిగ్గెందుకు. కిందికి వచ్చే ఏడాది తేలిక అనుకోకండి. అందులోనూ ఎక్కుడు వెయ్యి మీటర్లకు పైనే, దారి ఉమ్లాస్ రోడ్ దగ్గర సముద్ర మట్టానికి 800 మీటర్లు దాటుతుంది, అక్కడినుంచి సున్నాకి రావాలి. ఫీల్డ్స్ హిల్ దిగుడు మూడు కిలోమీటర్లు ఉంటుంది, అది వచ్చేది అరవై దాటాక. సగం దూరంలో, డ్రమండ్ దగ్గర మీ తొడలు ఇంకా బాగున్నాయంటే రేసు మీ చేతిలో ఉన్నట్టే. నా మటుకు నేను మొదటిసారి వెళ్లేవాళ్లని పైకి వెళ్లే ఏడాదే ఎంచుకోమంటాను. టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ మర్నాడు నడవగలరు.

తిండి విషయంలో గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక అరటిపండు, ఒక జెల్ (రన్నర్లు వాడే చిన్న ప్యాకెట్‌లోని తియ్యటి పేస్టు), సుమారు పాతిక గ్రాములు చొప్పున. పదకొండు గంటలు జెల్స్‌తోనే గడపాలంటే నాలుగో గంటకే వికారం వస్తుంది, అందుకే ఖర్జూరాలు, పల్లీపట్టీ, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపలు ఇక్కడ లాంగ్ రన్స్‌లోనే అలవాటు చేసుకోండి. బంగాళాదుంపలు, కోక్, పళ్లు అక్కడ టేబుల్స్ మీద ఉంటాయి. నీళ్లు మన జాతరల్లో ఇచ్చినట్టే ప్యాకెట్లలో ఇస్తారు, పంటితో మూల కొరికి తాగాలి, ఇందులో మనకి ట్రైనింగ్ అక్కర్లేదు. దాహం వేస్తేనే తాగండి. ప్రతి టేబుల్ దగ్గరా కడుపునిండా తాగితే రక్తంలో సోడియం తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది, ఈ సంగతి 1985లో బయటపెట్టిన దక్షిణాఫ్రికా డాక్టర్ టిమ్ నోక్స్ చూసిన కేసుల్లో కామ్రేడ్స్ రన్నర్లు కూడా ఉన్నారు. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, రేసు రోజు వద్దే వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు కదా అని జేబులో వేసుకోకండి.

షూస్ అర సైజు పెద్దవి, గోళ్లు నాలుగు రోజుల ముందు కత్తిరించాలి, వాలులో వేళ్లు ముందుకి తన్నుకుంటాయి. తొడల మధ్య, చంకల్లో వాజెలీన్. స్టార్ట్ దగ్గర చీకటి, చలి, ముఖ్యంగా పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో వణికిపోతారు, పారేయడానికి సిద్ధమైన పాత స్వెటర్ ఒకటి పట్టుకెళ్లండి. వీసా ముందే పెట్టుకోండి, ఎంట్రీ కన్ఫర్మ్ అయిన వారంలోనే అయితే టెన్షన్ ఉండదు. డర్బన్‌లో మనవాళ్ల తిండికి లోటు లేదు, చెరకు తోటల్లో పనికి 1860 నుంచి వెళ్లిన భారతీయుల కుటుంబాలు అక్కడే ఉన్నాయి, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ రేసు ముందు రోజు రాత్రి మాత్రం కారం, నూనె మానేసి పెరుగన్నం తినండి.

పూర్తి చేశాక కూర్చోకుండా పది నిమిషాలు నడవండి, తర్వాత ఏదైనా ఉప్పగా తినండి. రెండు మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి రెయిలింగ్ పట్టుకుని దిగడం మామూలే. మూత్రం కోక్ రంగులో వస్తే, లేదా చాలాసేపు అసలు రాకపోతే మాత్రం హోటల్‌లో పడుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కొత్తవాళ్లు వరసగా రెండో ఏడాది కూడా పూర్తి చేస్తే బ్యాక్ టు బ్యాక్ మెడల్ అని అదనంగా ఒకటి ఇస్తారు. దాని గురించి డర్బన్ ఎయిర్‌పోర్ట్‌లో ఎవరికీ మాట ఇవ్వకండి, మెట్లు మామూలుగా దిగగలిగాక ఇంట్లోవాళ్లని అడిగి అప్పుడు చూసుకోవచ్చు.