సొంత మైదానంలో లీగ్ మ్యాచ్‌కు వారం ముందు నుంచి సిద్ధం కావడం ఎలా

వచ్చే ఆదివారం మీ ఫుట్‌బాల్ క్లబ్బుకు సొంత మైదానంలో లీగ్ మ్యాచ్ ఉందనుకుందాం. బయటి ఊరికి వెళ్లి ఆడవలసి వచ్చినప్పుడు బస్సు టికెట్ల నుంచి బస దాకా అన్నీ ముందే చూసుకునే క్లబ్బులు, విజయవాడలోనైనా గుంటూరులోనైనా, మ్యాచ్ మన దగ్గరే అనగానే కాస్త తేలికపడతాయి. తెలిసిన నేల, తెలిసిన మనుషులు, ఇంటి భోజనం ఉన్నాయి కాబట్టి సగం పని అయిపోయినట్లే అనిపిస్తుంది. ఈ ధీమాయే చాలాసార్లు పాయింట్లు పోగొడుతుంది. సొంత మైదానం వల్ల మేలు ఉన్నమాట నిజమే గానీ, అది దానంతట అది రాదు. ఎదుటి జట్టుకు తెలియనిది మనకు ఎంత తెలుసునన్న దాని మీదే అది ఆధారపడి ఉంటుంది. ఆ తెలుసుకునే పని సోమవారం నుంచే మొదలు కావాలి.

ప్రేక్షకుల బలాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కోవిడ్ వల్ల ఆగిపోయిన జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగా 2020 మే 16న ఖాళీ గ్యాలరీల మధ్య తిరిగి మొదలైనప్పుడు ఆతిథ్య జట్ల విజయాలు అంతకుముందుకన్నా స్పష్టంగా తగ్గాయి. మరోవైపు 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో స్టేడియం తమకు వ్యతిరేకంగా హోరెత్తుతున్నా, హైదరాబాదుకు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలుచుకుంది. మన లీగ్ మ్యాచ్‌లకు వచ్చేవారు ఆటగాళ్ల కుటుంబాలు, కాలేజీ మిత్రులు, పాత ఆటగాళ్లే కాబట్టి, ఈ స్థాయిలో అసలైన అనుకూలతను నేలలోనూ ఎండలోనూ ఆటగాళ్ల విశ్రాంతిలోనూ వెతుక్కోవాలి.

సోమవారం సాయంత్రం కోచ్, కెప్టెన్, కార్యదర్శి కలిసి కూర్చుని పాయింట్ల పట్టికను, లీగ్ నిబంధనల ప్రతిని ముందు పెట్టుకోవాలి. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు అన్న పద్ధతి ఇంగ్లండ్ లీగ్‌లో 1981లో మొదలైంది, 1994 ప్రపంచకప్ నుంచి అంతటా స్థిరపడింది. ఈ లెక్కలో సొంత మైదానంలో డ్రా అంటే ఒక పాయింటు దక్కడం కన్నా రెండు పాయింట్లు చేజారడమే ఎక్కువ. పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూస్తారా, ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం చూస్తారా అన్నది లీగ్‌ను బట్టి మారుతుంది కాబట్టి అది కూడా చదివి పెట్టుకోవాలి. 2-0తో ముందున్నప్పుడు మూడో గోల్ కోసం వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎల్లో కార్డుల వల్ల ఎవరు ఆటకు దూరమవుతారు, కొత్తగా చేరిన ఆటగాడి నమోదు పూర్తయిందా, ఎంతమంది సబ్‌స్టిట్యూట్లను వాడుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలకు ఆ రోజే కాగితం మీద జవాబు రాసుకోవాలి. నమోదు కాని ఆటగాడిని దింపి, మైదానంలో గెలిచిన మ్యాచ్‌ను ఫిర్యాదులో పోగొట్టుకోవడం కన్నా బాధాకరమైనది క్లబ్బు జీవితంలో మరొకటి ఉండదు.

మ్యాచ్ సమయం మన చేతిలో ఉంటే దాన్ని వెలుతురును బట్టి నిర్ణయించాలి. డిసెంబరు మొదటి వారాల్లో విజయవాడలో సూర్యుడు సుమారు 5 గంటల 35 నిమిషాలకే అస్తమిస్తాడు. ఫ్లడ్‌లైట్లు లేని మైదానంలో 4 గంటలకు ఆట మొదలుపెడితే, రెండు సగాలూ విరామమూ కలిపి 105 నిమిషాలు పోగా, చివరి నిమిషాలు మసక చీకట్లోకి జారిపోతాయి. కాబట్టి ఆ రోజుల్లో 3 గంటల 30 నిమిషాలు దాటకూడదు. క్యాలెండరు కూడా చూసుకోవాలి. కార్తీక మాసపు ఆదివారమైతే సగం ఊరు వనభోజనాలకు వెళుతుంది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తుల కోసం విజయవాడలో ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి, బయటి జట్టు బస్సు ఎటునుంచి రావాలో ముందే చెప్పాలి. సంక్రాంతి తర్వాతి ఆదివారమైతే, ఊళ్లకు వెళ్లిన ఆటగాళ్లు ఏ రోజు తిరిగి వస్తారో పేరుపేరునా అడగాలి.

ఇక మైదానం. మన క్లబ్బుల్లో చాలావాటికి సొంత స్థలం ఉండదు. నగరపాలక సంస్థ మైదానమో, కాలేజీ మైదానమో అనుమతితో వాడుకుంటాము. అందువల్ల ఉదయపు నడకకు వచ్చేవారు, క్రికెట్ ఆడే పిల్లలు, పోటీ పరీక్షలకు పరుగు సాధన చేసే యువకులు అందరూ ఆ నేలను పంచుకుంటారు. అనుమతి లేఖ మీద తేదీ, సమయం, ముందురోజు గీతలు గీయడానికి వీలు అన్నీ స్పష్టంగా ఉండేలా చూసుకుని, దాని నకలు మైదానం కాపలాదారుకు కూడా ఇవ్వాలి.

మంగళవారం సాధన మొదలయ్యే ముందు ఆటగాళ్లందరూ చేయిచాచినంత దూరంలో వరుసగా నిలబడి, ఒక గోల్ నుంచి మరో గోల్ దాకా నేల చూస్తూ నడవాలి. గాజుపెంకులు, రాళ్లు, మేకులు ఏరడం ఒక ప్రయోజనమైతే, ఎక్కడ పల్లముందో ఎక్కడ గట్టిగా ఉందో ప్రతి కాలికీ తెలియడం అంతకు మించిన ప్రయోజనం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే బూట్ల స్టడ్ల మధ్య ముద్దలుగా అంటుకుపోతుంది. అలాంటి నేలను మ్యాచ్ రోజు ఉదయం తడపకూడదు. రెండు రోజుల ముందు సాయంత్రం సమంగా తడిపి, బీటల్లో మట్టి నింపి, మరునాడు రోలర్ తిప్పితే ఆదివారానికి కాలికి అనువుగా తయారవుతుంది. మైదానం నడుమ క్రికెట్ పిచ్ ఉంటే అది ప్రత్యేకంగా చూడవలసిన విషయం. ఆ పట్టీ మీద పడిన బంతి పక్కనున్న గడ్డి మీదకన్నా ఎత్తుగా, వేగంగా లేస్తుంది. మన మిడ్‌ఫీల్డర్లు అక్కడ బంతిని ఆపుకోవడం ఈ వారమంతా సాధన చేయాలి, ఎదుటి గోల్ కీపర్ పొడవుగా తన్నిన బంతి అక్కడ పడితే మన డిఫెండర్ ఒక అడుగు వెనక నిలబడాలని నేర్పాలి. సిమెంటు పిచ్ అయితే దాని అంచులు కనపడకుండా మట్టితో పూర్తిగా కప్పాలి. అది కుదరకపోతే ఆ మైదానంలో మ్యాచ్ పెట్టకూడదు.

గీతలు గీయడం శనివారం సాయంత్రం పని. చాలాచోట్ల చేతికందిన సున్నం చల్లేస్తారు, అది ప్రమాదకరం. సున్నం తడి తగిలితే చర్మాన్ని, ముఖ్యంగా కళ్లను కాలుస్తుంది. నేల మీదికి డైవ్ చేసే గోల్ కీపర్ ముఖం ఆ గీతకు ఎంత దగ్గరగా వస్తుందో తలచుకోవాలి. సుద్దపొడి గానీ ముగ్గుపిండి గానీ వాడితే చాలు. మూల సరిగ్గా లంబకోణంలో రావడానికి పురికొసతో ఒక వైపు 3 మీటర్లు, మరో వైపు 4 మీటర్లు కొలిచి, వాటి కొసల మధ్య దూరం 5 మీటర్లు వచ్చేదాకా సర్దాలి. మైదానం 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు అయితే రెండు కర్ణాలూ సుమారు 118.7 మీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చిందంటే ఎక్కడో మూల వంకరపోయినట్లే. మధ్య వృత్తానికి కేంద్రంలో మేకు దిగగొట్టి 9.15 మీటర్ల పురికొస తిప్పాలి. పెనాల్టీ ప్రాంతం 16.5 మీటర్లు, పెనాల్టీ బిందువు గోల్ గీత నుంచి 11 మీటర్లు, మూల జెండా కర్ర ఎత్తు కనీసం 1.5 మీటర్లు ఉండాలి, కర్ర కొస సూదిగా ఉండకూడదు. గోల్ స్తంభాలను ఊపి చూడాలి. కదిలే గోల్ పోస్టు ప్రాణాలకే ముప్పు కాబట్టి, నేలలోకి బిగించకుండా ఆట మొదలుపెట్టనివ్వకూడదు.

బంతి గురించి ఒక్క మాట. నిబంధనల ప్రకారం గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య, అంటే పంపు గేజి మీద సుమారు 8.5 నుంచి 15.6 పీఎస్ఐ మధ్య ఉండవచ్చు. గట్టి నేల మీద ఈ పరిధిలో కింది వైపుకు దగ్గరగా ఉంచితే బంతి మరీ ఎగరదు. మ్యాచ్‌లో వాడబోయే బంతితోనే, ఆ ఒత్తిడితోనే వారమంతా సాధన చేయాలి. మనం సమకూర్చగలిగిన న్యాయమైన అనుకూలతల్లో ఇదొకటి.

ప్రత్యర్థి జట్టు ఆట చూడటానికి ఒక మనిషిని పంపగలిగితే తప్పక పంపాలి. చూసివచ్చిన వ్యక్తి పది పేజీలు రాయనక్కరలేదు, ఒక్క పేజీ చాలు. గోల్ కిక్‌ను పొట్టిగా ఆడతారా, పొడవుగా తన్నుతారా. దాడి ఎక్కువగా ఏ వైపు నుంచి వస్తుంది. కార్నర్ కిక్‌లో ఎవరిని వెతుకుతారు. బంతి పోగొట్టుకున్నాక మొదటి ఐదు సెకన్లలో ముందుకు ఉరుకుతారా, వెనక్కి సర్దుకుంటారా. గోల్ కీపర్‌కు ఏ కాలు బలహీనం. ఈ పేజీలోంచి ఆటగాళ్లకు చెప్పవలసినవి మాత్రం రెండు మూడు విషయాలే. ఎదుటివారి గురించి ఎక్కువ చెప్పే కొద్దీ ఆటగాడు తన ఆటను మరచి వాళ్ల ఆటను ఆలోచిస్తాడని నా గట్టి అభిప్రాయం.

సాధన భారం మంగళ, బుధవారాల్లో ఎక్కువగా ఉండి, శుక్రవారానికి తగ్గాలి. శనివారం కార్నర్లు, ఫ్రీకిక్‌లు, పొడవైన త్రో ఇన్‌లు నిదానంగా సాధన చేసి అరగంటలో ముగించాలి. ఇక్కడ కోచ్ గుర్తుంచుకోవలసింది ఆటగాళ్ల పగటి జీవితం. ఆటోనగర్ షెడ్డులో పగలంతా నిలబడి పనిచేసిన కుర్రవాడికీ, మిరప యార్డులో బస్తాల లెక్క చూసి వచ్చిన వాడికీ, మూడు తరగతులు విని వచ్చిన కాలేజీ విద్యార్థికీ ఒకే సాధన సరిపోదు. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో తెలుసుకుని, శనివారం రాత్రి డ్యూటీ ఉన్నవారు మరొకరితో మార్చుకోగలరా అని గురువారమే అడగాలి. నవంబరు నుంచి జనవరి దాకా అయ్యప్ప దీక్షలో ఉన్న ఆటగాళ్లు కూడా ఉండవచ్చు. మధ్యాహ్న భిక్ష వారి ప్రధాన భోజనం కాబట్టి, ఆ రోజు భిక్షను మ్యాచ్‌కు కనీసం మూడు గంటల ముందు ముగించుకునే వీలుందా, బూట్లు వేసుకోవడంలో వారి నియమం ఏమిటి అని గౌరవంగా, ఏకాంతంలో అడిగి, దాన్ని బట్టి జట్టును కూర్చుకోవాలి.

మిగతావారికి మ్యాచ్ రోజు భోజనం మూడు నాలుగు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగుతో సరిపోతుంది. ఆవకాయ, గోంగూర, బిర్యానీ మ్యాచ్ తర్వాతే. ఆకలేస్తే ఆటకు గంట ముందు ఒక అరటిపండు తినవచ్చు. కోస్తా ఉక్కపోతలో చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి, ఉప్పు కలిపిన పల్చని మజ్జిగ, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం నీటిలో కలిపిన ఓఆర్ఎస్ రెండు జట్లకూ సిద్ధంగా ఉంచాలి. లీగ్ నిబంధనలు అనుమతిస్తే, ప్రతి సగంలోనూ 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా శరీరం చల్లబరచుకునే విరామం ఇవ్వవచ్చు. ఎండ తీవ్రంగా ఉంటే దాని గురించి రిఫరీతో ఆట మొదలయ్యే ముందే మాట్లాడాలి.

అతిథి జట్టుకు, రిఫరీలకు నీడ ఉన్న గది, శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు ఇవ్వడం మన బాధ్యత. జెర్సీల రంగులు కలవకుండా గురువారమే ఫోన్ చేసి తేల్చుకోవాలి. స్ట్రెచర్, ఐసు, ప్రథమ చికిత్స పెట్టె గీత పక్కనే ఉండాలి. 108 వాహనం మైదానంలోకి రావలసిన గేటు తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసి ఉండాలి. తలకు దెబ్బ తగిలి తడబడుతున్న ఆటగాడిని, అతను ఎంత పట్టుబట్టినా, మళ్లీ ఆడించకూడదు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా ఎవరినీ మైదానంలోకి పంపకూడదు. చూడటానికి వచ్చినవారిని టచ్‌లైన్‌కు కనీసం రెండు మూడు మీటర్ల అవతల తాడు కట్టి నిలబెట్టాలి. డప్పులు మోగించండి, పేరు పెట్టి ఉత్సాహపరచండి, రిఫరీని మాత్రం తిట్టవద్దు అని ముందే చెప్పాలి.

టాస్ విషయం శనివారమే తేల్చుకోవాలి. 2019 నుంచి టాస్ గెలిచిన జట్టు మొదటి సగంలో ఏ గోల్ మీద దాడి చేయాలో ఎంచుకోవచ్చు, లేదా కిక్ ఆఫ్ తీసుకోవచ్చు. మీ మైదానం తూర్పు పడమరలుగా ఉంటే సాయంత్రపు ఎండ ఒక గోల్ కీపర్ కళ్లలో నేరుగా పడుతుంది, రెండో సగంలో సూర్యుడు కిందికి దిగేకొద్దీ అది మరింత ఇబ్బంది పెడుతుంది. కాబట్టి మొదటి సగంలో పడమటి గోల్ మీద దాడి చేయాలని కోరుకుంటే, ఎండ ఇంకా ఎత్తులో ఉన్నప్పుడే మన కీపర్ దాన్ని ఎదుర్కొని, చివరి అరగంటలో ఎదుటి కీపర్‌కు దాన్ని వదిలిపెట్టవచ్చు. టాస్ ఓడితే మన కీపర్‌కు అంచు ఉన్న టోపీ కావాలి, నిబంధనలు దానికి అనుమతిస్తాయి. అదే సమయానికి శనివారం సాయంత్రం కీపర్‌ను ఆ గోల్ ముందు నిలబెట్టి, కార్నర్ల నుంచి ఎత్తుగా వచ్చే బంతులను టోపీతోనూ టోపీ లేకుండానూ పట్టించి చూడాలి.