బ్యాండ్ సా బ్లేడు టెన్షన్‌కు చిన్న చిట్కా
బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కోసే మిషన్. అరంగుళం బ్లేడు టెన్షన్ (బిగుతు) మిషన్ మీది స్కేలులో అరంగుళం గీత దగ్గరే పెట్టినా, టేకు నిలువునా కోస్తుంటే కోత వంకర పోయేది. బ్లేడును బిగువుగా పట్టే స్ప్రింగు పాతబడితే ఆ గీతను నమ్మలేం. ఇప్పుడిలా చేస్తున్నాను.

ప్లగ్గు తీసి, బ్లేడు పక్కకు పోకుండా పైనా కిందా ఉండే గైడ్లను దానికి తగలకుండా జరపండి. టెన్షన్ కాస్త ఎక్కువే బిగించి, తలుపులు మూసి, ప్లగ్గు మళ్లీ పెట్టి, చెక్క పెట్టకుండా మిషన్ ఆన్ చేయండి. కాస్త పక్కగా నిలబడి బ్లేడునే చూస్తూ టెన్షన్ నాబ్‌ను పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ఒక చోట బ్లేడు అంచు మసకబారి వణుకుతుంది. అక్కడే ఆగి, వణుకు పోయేదాకా బిగించి, ఇంకో పావు చుట్టు కలపండి. మిషన్ ఆపాక గైడ్లు మళ్లీ దగ్గరకు పెట్టుకోండి, కాగితం మందం సందు చాలు.

వణుకు మొదలయ్యాక ఇంకా వదులు చేయకండి, బ్లేడు చక్రం మీంచి జారిపోవచ్చు. అంగుళం వెడల్పు బ్లేడుకు, కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) పళ్ల బ్లేడుకు ఈ పద్ధతి సరిపోదు.