తలాడింపులు లేని మీటింగు - మూడో పాఠం: ముందు చీటీ, తర్వాతే మాట

కిందటి పాఠంలో చెప్పినట్టు ఒక మీటింగులో ఎవరు ముందు మాట్లాడారో, ఎవరు ఆ మాటకే వంత పాడారో గీతలు పెట్టుకున్నారా? పెట్టుకుని ఉంటే ఒకటి కనబడే ఉంటుంది. మొదట పడిన అభిప్రాయం చుట్టూనే చర్చంతా తిరుగుతుంది, అది మేనేజరుదైతే ఇక చెప్పనక్కర్లేదు. ఆ మొదటి మాట పట్టు సడలాలంటే, ఎవరూ నోరు విప్పకముందే అందరూ రాయాలి.

ఐదు నుంచి ఎనిమిది మంది ఉన్న టీమ్‌కు, 45 నిమిషాల మీటింగుకు లెక్క ఇది.

ముందు ప్రశ్న సరిచూసుకోండి. "పాత బిల్లింగ్ సిస్టమ్ ఆపేయడానికి ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే, ఆపేయడం అప్పటికే ఖాయమైనట్టు. "వచ్చే నెల 1న పాతది ఆపేయాలా, ఇంకో నెల పాతదీ కొత్తదీ రెండూ నడపాలా?" అని బోర్డు మీద రాయండి. తర్వాత 5 నిమిషాలు నిశ్శబ్దం. ఒక్కొక్కరు ఒక చీటీ మీద నాలుగు వరుసలు రాయాలి: నా ఎంపిక, దాని మీద నమ్మకం 10కి ఎంత, కారణం, మిగతావాళ్లకు తెలియకపోవచ్చని నేననుకునే ఒక విషయం.

చీటీ ఇలా ఉంటుంది: "రెండూ నడపాలి. 6. నెలాఖరులో తప్పు దొరికితే సరిదిద్దే టైము ఉండదు. వాపసు బిల్లుల్ని కొత్త సిస్టమ్‌లో ఇంతవరకూ పరీక్షించలేదు."

ఆ నాలుగో వరుసే అసలు సరుకు. గుంపుగా కూర్చున్నప్పుడు మనుషులు అందరికీ తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటారని, ఒకరిద్దరికే తెలిసింది బయటికి రాదని స్టాసర్, టైటస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో ప్రయోగం చేసి చూపించారు. వాపసు బిల్లుల సంగతి తెలిసిన మనిషి దాన్ని దాచలేదు, ఎవరూ అడగలేదంతే.

చీటీలు కలిపేసి, మేనేజరు కాని ఒకరు పేర్లు లేకుండా చదవాలి. నాలుగో వరుసలన్నీ ముందు, ఎంపికలు తర్వాత. ఇందుకు 10 నిమిషాలు చాలు. మిగిలిన అరగంట చర్చకు. తక్కువమంది ఎంచుకున్న వైపు నుంచి మొదలెట్టండి. మేనేజరు అందరికన్నా చివర మాట్లాడాలి. "నాదొక చిన్న మాట" అని మధ్యలో దూరితే మొదటికొస్తుంది.

ఎక్కువగా చెడేది ఆన్‌లైన్‌లో. అందరూ ఒకే డాక్యుమెంట్‌లో టైపు చేస్తుంటే పక్కవాళ్ల వాక్యం కళ్లముందే కదులుతుంటుంది. అది మాట్లాడినట్టే లెక్క. చదివేవాళ్లకు విడివిడిగా మెసేజ్ పంపమనండి. చిన్న టీమ్‌లో చేతిరాత పట్టేస్తారు, అక్కడా టైపు చేయడమే మంచిది. "ఇది రాసిందెవరు?" అని ఒక్కసారి అడిగారంటే, వచ్చేసారి నాలుగో వరుస ఖాళీగా వస్తుంది.

ఇంత తతంగం ఎందుకు, ఒకరిని ఎదురు వాదించమని పెడితే పోలేదా అంటారు కొందరు. అప్పగించిన పాత్ర అని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ గట్టిగా పట్టించుకోరు. నిజంగా నమ్మి విభేదించే మనిషే ఇతరుల్ని ఎక్కువ ఆలోచింపజేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త చార్లాన్ నెమెత్ ప్రయోగాల్లో తేలింది. అలాంటి తోడు ఒక్కటున్నా చాలు. 1950లలో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ చేసిన గీతల పొడవు ప్రయోగంలో గుంపంతా కావాలనే తప్పు జవాబు చెబుతుంది; నిజం చెప్పే ఇంకో మనిషి అందులో ఉన్నప్పుడు, గుంపుతో కలిసి తప్పు చెప్పడం నాలుగో వంతుకు పడిపోయింది. పేరు లేని చీటీ ఆ తోడును ముందే బయటపెడుతుంది: "ఓహో, నాలా అనుకునేవాళ్లు ఇంకొకరున్నారు."

రోజువారీ పనులకు ఇది వాడకండి, విసుగొస్తుంది. వెనక్కి తీసుకోవడం కష్టమైన నిర్ణయాలకే.

ఈ వారం అభ్యాసం: రెండు మీటింగుల్లో చీటీలు రాయించండి. నాలుగో వరుస ఖాళీగా వచ్చినవి ఎన్ని, చర్చ తర్వాత ఎంపిక మార్చుకున్నవాళ్లు ఎందరు, ఈ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో, పథకం అప్పుడే విఫలమైపోయిందనుకుని కారణాలు వెనక్కి తవ్వే పద్ధతిని ఈ అంకెలతోనే మొదలుపెడతాం.