రోమన్ కంచు నాణెం మీద ఉన్న చక్రవర్తి ఎవరో ఎలా తెలుసుకోవాలి?

పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, పక్కనుంచి ఏటవాలుగా పడే దీపం, కాగితం, పెన్సిల్ ఉంటే చాలు. నాణేన్ని మాత్రం చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమకండి, పైనున్న ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలూ పోతాయి.

తల నిటారుగా ఉండేలా పట్టుకుని, గడియారంలో ఏడు ఉండే చోట మొదలుపెట్టి ముల్లు తిరిగే వైపే చదవండి. చాలా నాణేలకు ఇది సరిపోతుంది. పదాల మధ్య ఖాళీ ఉండకపోవచ్చు, యు ఉండాల్సిన చోట వి ఉంటుంది. కనిపించిన అక్షరాన్ని కనిపించినట్టే రాసుకోండి, చెరిగిన చోట చుక్క పెట్టండి. ఫోన్లో ఫొటో తీసి చదవడం నా దృష్టిలో పద్ధతే కాదు, ఎందుకంటే దీపాన్ని చుట్టూ తిప్పుతుంటేనే అరిగిన అక్షరం నీడలో లేచి కనిపిస్తుంది.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎ-వి-జి కనబడగానే అగస్టస్ నాణెం అంటారు, సి-ఎ-ఇ-ఎస్ కనబడితే జూలియస్ సీజర్ అంటారు. అవి వాళ్ల తర్వాత వచ్చిన పాలకులు కూడా వందల ఏళ్ల పాటు వాడుకున్న బిరుదులండీ! ఐ-ఎం-పి, డి-ఎన్, పి-ఎఫ్ కూడా బిరుదులే. ముందు వీటన్నిటినీ కొట్టేయండి, మిగిలిన దాంట్లో పేరు వెతకండి.

ఆ పేరు దగ్గరా తొందర వద్దు. 4వ శతాబ్దపు పావలా బిళ్ళంత నాణేల మీద తండ్రి కాన్‌స్టాంటినస్, అదే పేరున్న కొడుకు, ఇంకో కొడుకు కాన్‌స్టాంటియస్ అందరూ కనిపిస్తారు. లాటిన్‌లో ఈ రెండు పేర్లకూ తేడా ఒక్క ఎన్ అక్షరమే, అది అరిగిపోతే నేనైతే పేరు చెప్పను. ముఖం చూసి పోల్చుకుందామంటే కుదరదు, అన్నీ ఒకే అచ్చులా ఉంటాయి. పేరు తర్వాత ఎం-ఎ-ఎక్స్ ఎ-వి-జి ఉంటే తండ్రి, ఐ-వి-ఎన్ ఎన్-ఒ-బి-సి ఉంటే తండ్రి పేరే పెట్టుకున్న కొడుకు.

వెనక వైపు ఇద్దరు సైనికులు, చుట్టూ 'గ్లోరియా ఎక్సర్సిటస్', అంటే సైన్యపు కీర్తి అని ఉంటే, మధ్యలో ధ్వజాలు లెక్కపెట్టండి. రెండుంటే 330-335 మధ్యది, ఒకటే ఉంటే ఆ తర్వాతది. ఇంత తేలికైన లెక్కను వదిలేసి కేటలాగు బొమ్మలతో గంటలు గంటలు పోల్చుకుంటూ కూర్చుంటారు.

చివరగా సైనికుల కాళ్ల కింద గీత దిగువన చూడండి. అక్కడ టి-ఆర్-పి ఉంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్ ఊరి టంకశాలలో మొదటి విభాగం అని. ట్రాజన్ చక్రవర్తి కాలపు పెద్ద నాణెం అంచు చుట్టూ అవే మూడక్షరాలు ఉంటే మాత్రం అది ట్రిబ్యూన్ అధికారం, అంటే చక్రవర్తికి ఉండే ఒక హోదా, ఊరి పేరు కాదు.