అవుట్‌బోర్డ్ మోటారు రిపేరు – 6వ పాఠం: వాల్వుల గ్రైండింగ్, ట్యాపెట్ సెట్టింగ్

పోయిన పాఠంలో హెడ్డు విప్పి బల్ల మీద పెట్టాం. ఈసారి అందులోని వాల్వుల పని. ఇదంతా పడవ వెనక బిగించే ఫోర్ స్ట్రోక్ మోటార్ల సంగతి. సోమశిల, సాగర్ ఒడ్డున ఇంకా తిరుగుతున్న పాత టూ స్ట్రోక్ మోటార్లలో ఇలాంటి వాల్వులు ఉండవు, రేకు ముక్కల్లాంటి రీడ్ వాల్వులే ఉంటాయి. వాటికి గ్రైండింగ్, అంటే వాల్వును అది ఆనే సీటు మీద రుద్ది సరిగ్గా కూర్చోబెట్టే పని, లేదు.

విప్పేముందే కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూసి ఉంటారు. తక్కువ చూపిన సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అనుకోవాలి. గ్యాస్కెట్ సంగతి 5వ పాఠంలో తేల్చేశాం.

ముందుగా ఒక అట్టముక్కకు వాల్వులెన్నో అన్ని రంధ్రాలు చేసి, సిలిండర్ నంబరు, ఇన్‌లెట్టో ఎగ్జాస్టో రాసుకోండి. ఏ వాల్వు ఏ సీటు మీద అరిగిందో మళ్లీ అక్కడికే పోవాలి. స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి, పైన గుడ్డ కప్పి కాటర్లు (స్ప్రింగును వాల్వు కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీయండి. కాటర్ ఎగిరి ఇసుకలో పడితే దొరకదు. తర్వాత వాల్వును లాగెయ్యకండి. కాటర్లు కూర్చునే గాడి అంచును గోటితో తడిమి చూడండి. చాలాసార్లు అక్కడ సన్నటి గరుకు అంచు లేచి గోరుకు గీసుకుంటుంది. దాన్ని సన్నరాయితో రుద్ది నున్న చేశాకే కిందికి తీయాలి. లేదంటే అది గైడ్‌ను (కాడ జారే గొట్టాన్ని) లోపలంతా గీరుకుంటూ దిగుతుంది.

కార్బన్ గీకి కడిగాక మూడు చూడాలి. కాడ వంగిందా? అద్దం పలక మీద దొర్లిస్తే తెలుస్తుంది. తల అంచు కత్తిలా పలచబడిందా? అయితే గ్రైండ్ చేసి లాభం లేదు, కొత్తది వేయాలి. గైడ్ అరిగిందా? కాడకు నూనె రాసి గైడ్‌లో పెట్టి, తలను సీటు నుంచి 10 మి.మీ. పైకెత్తి పక్కలకు కదపండి. చేతికి స్పష్టంగా ఊగితే ముందు గైడ్ మార్పించాలి. ఊగే వాల్వును ఎంతసేపు గ్రైండ్ చేసినా ఒకచోట కూర్చోదు.

గ్రైండింగ్‌కు చాలావరకు సన్నపేస్టు చాలు. సీటు మీద గుంటలు కనిపిస్తేనే ముతకపేస్టు, అదీ కొద్దిసేపే. జొన్నగింజంత పేస్టును నాలుగు చోట్ల వాల్వు ముఖానికి పెట్టండి. కాడకు మాత్రం తగలొద్దు, కాడకు నూనె పూయండి. రబ్బరు కప్పున్న కర్రను తలకు అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ పదిపన్నెండు సార్లు తిప్పి, ఎత్తి, పావు చుట్టు జరిపి, మళ్లీ తిప్పండి. ఎత్తకుండా ఒకేచోట తిప్పితే చుట్టూ గీతలు పడతాయి. మొదట గరగరమనే చప్పుడు మెత్తబడ్డాక తుడిచి చూడండి. ముఖం మీదా సీటు మీదా ఎక్కడా తెగని మసక బూడిదరంగు పట్టీ రావాలి. చాలా మోటార్లలో దాని వెడల్పు 1 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. పట్టీ బాగా వెడల్పయితే గ్రైండింగ్ ఆపండి, సీటును కట్టర్‌తో సరిచేయించాల్సిందే. ఇంకా రుద్దితే ఇంకా వెడల్పవుతుంది తప్ప సన్నబడదు.

పేస్టు రేణువు ఒక్కటి మిగిలినా గైడ్‌ను తినేస్తుంది. కిరోసిన్‌తో, ఆపైన సబ్బునీళ్లతో కడిగి, గైడ్‌లో తెల్లగుడ్డ దూర్చి లాగండి. గుడ్డకు మరక అంటినంతసేపూ కడుగుతూనే ఉండాలి. ఆయిల్ సీళ్లు ఎప్పుడూ కొత్తవే వేయాలి. స్ప్రింగ్‌లో చుట్లు దగ్గరగా ఉన్న వైపు హెడ్డుకు ఆనాలి.

బిగించాక పోర్టులు పైకొచ్చేలా హెడ్డును పెట్టి, పోర్టులో కిరోసిన్ నింపి ఐదు నిమిషాలు ఆగండి. వాల్వు తల చుట్టూ చెమ్మ కనిపించిందా, ఆ వాల్వు మళ్లీ విప్పాలి.

ఇక అసలైన సంగతి. గ్రైండ్ చేసిన వాల్వు సీటులోకి కొంచెం లోతుగా దిగుతుంది, దాని కాడ చివర అంతే పైకి లేస్తుంది. అంటే ట్యాపెట్ గ్యాపు, కాడ చివరకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, తగ్గిపోతుంది. టకటకమని మోగే ట్యాపెట్‌ను చూసి అందరూ కంగారుపడతారు గానీ, వాల్వును కాల్చేది చప్పుడు చేయని బిగుతు ట్యాపెట్టే. వాల్వు తలలోని వేడి ఎక్కువగా సీటులోకే పోవాలి. గ్యాపు లేకపోతే వేడెక్కి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి పోయే దారుండదు, మంట ఆ సందులోంచే దూసుకుపోయి అంచును తినేస్తుంది. ఎగ్జాస్ట్‌కు వేడి ఎక్కువ కాబట్టే దాని గ్యాపు ఇన్‌లెట్ కంటే ఎక్కువ పెడతారు. చిన్న మోటార్లలో తరచుగా ఇన్‌లెట్ 0.15–0.20, ఎగ్జాస్ట్ 0.20–0.30 మి.మీ. ఉంటుంది. మీ మోటారు మాన్యువల్‌లో ఏముంటే అదే పెట్టండి.

హెడ్డు ఎక్కించి, టైమింగ్ బెల్ట్ గుర్తులు కలిపాక గ్యాపు పెట్టాలి. చల్లటి ఇంజన్ మీదే కొలవాలి. మే నెలలో మన దగ్గర ఎండలో ఉన్న మోటారును ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది, అది చల్లటి ఇంజన్ కాదు. రాత్రంతా నీడలో ఉంచి తెల్లారి కొలవండి. సేఫ్టీ స్విచ్ తాడు తీసేయండి, ప్లగ్గులు విప్పేయండి. ఫ్లైవీల్‌ను ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పాలి, ఎదురు తిప్పితే కింద నీళ్ల పంపు రెక్కలు మడతపడతాయి. కంప్రెషన్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకొచ్చినప్పుడు ఆ సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా ఆడతాయి. అప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి, అది కొంచెం పట్టి జారేలా స్క్రూ తిప్పి లాక్‌నట్ బిగించండి. నట్ బిగిసేటప్పుడు స్క్రూ కూడా కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడాలి.

మోటారును నీళ్లు లేకుండా స్టార్ట్ చేయొద్దు. ప్రొపెల్లర్ తీసేసి, దాని పైనున్న పలక మునిగేంత నీళ్లున్న డ్రమ్ములో నడపండి. నల్లగొండ వైపు బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటే కాలువ నీళ్లు పట్టుకోండి. 20 గంటలు నడిచాక చల్లార్చి గ్యాపులు మళ్లీ కొలిచి, అంకెలు నోటుబుక్కులో రాసుకోండి. 7వ పాఠంలో నీళ్ల పంపు విప్పేటప్పుడు ఆ అంకెలు దగ్గర పెట్టుకోండి, ఇంజన్ వేడెక్కిందా లేదా అన్నది వాటిని బట్టి కూడా చూస్తాం.